పాట పేరులోంచి గుణింతాలు ఊడ్చేయకండి

పాటల జాబితా తయారుచేసే ప్రతి ప్రోగ్రామరూ ఏదో ఒక రోజు ఒకే నిర్ణయానికి వస్తాడు. కామాలు, చుక్కలు, కొటేషన్లు, ప్రశ్నార్థకాలు అన్నీ తీసిపారేద్దాం, మిగిలిన అక్షరాలతోనే వెతుకుదాం, వాటితోనే వరసలో పెడదాం అని. ఇంగ్లీషు పాటలకు ఈ పద్ధతి చాలావరకు నడుస్తుంది. తెలుగు పాటలకు నడవదు సరికదా, పాట పేరునే పాడుచేస్తుంది. ఎలా పాడుచేస్తుందో ఎవరూ పెద్దగా చెప్పడం లేదు. చెప్పేవాళ్లు లేకపోబట్టే ఒక యాప్ తర్వాత ఇంకో యాప్ అదే పని చేస్తూ పోతోంది.

నేనుండేది చెన్నైలో, పశ్చిమ మాంబళంలో. మా పిన్ని ఇక్కడ ఏళ్ల తరబడి సంగీతం నేర్పుతోంది. ఆవిడ దగ్గరున్న క్యాసెట్లు, సీడీలు, కచేరీ రికార్డింగులు, కీర్తనల పుస్తకాలు, శిష్యులు పెన్‌డ్రైవుల్లో తెచ్చిచ్చిన ఫైళ్లు, వీటన్నిటికీ కలిపి ఒక కేటలాగు కట్టే పని నేను పెట్టుకున్నాను. శిష్యుల్లో ఎక్కువమంది తమిళులు. పాడేవాటిలో ఎక్కువ తెలుగు కీర్తనలు. కాబట్టి ఒకే పాట తెలుగు లిపిలో ఒకసారి, తమిళ లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగైదు రకాలుగా వస్తుంది. చెన్నైలో త్యాగరాజ కీర్తన పాడే ఏ ఇంట్లో చూసినా ఇంతే.

అసలు నష్టం ఎక్కడ జరుగుతుందో ముందు చూపిస్తాను. ప్రపంచ లిపుల్లోని గుర్తులకు కంప్యూటరు కోసం ఒక్కో నంబరు ఇచ్చే పద్ధతి యూనికోడ్. యూనికోడ్‌లో ప్రతి గుర్తుకీ ఒక వర్గం ఉంటుంది. అక్షరం ఒక వర్గం, అంకె ఒకటి, విరామచిహ్నం ఒకటి, మార్కు ఒకటి. అ, ఆ, క, ఖ ఇవన్నీ అక్షరాల కింద వస్తాయి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న, విసర్గ మాత్రం మార్కుల కింద వస్తాయి. అవి హల్లునో అచ్చునో ఆనుకుని ఉండేవి గనక అలా పెట్టడంలో తప్పేమీ లేదు. చిక్కంతా ఆ వర్గాలను వాడుకునే దగ్గర వస్తుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో విరామచిహ్నాలు తీసెయ్యడానికి అందరూ రాసే ఒక లైను ఉంది: మాటలో ఇమిడేవీ, ఖాళీలూ తప్ప మిగతావన్నీ తుడిచెయ్ అని దాని అర్థం. మాటలో ఇమిడేవి అంటే పైథాన్ లెక్కలో అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరు. మార్కులకు అందులో చోటు లేదు. ఆ లైనుకు 'తెలుగు' అని ఇస్తే 'తలగ' అని తిరిగొస్తుంది. 'సీతారామ' ఇస్తే 'సతరమ'. 'పాట', 'పేట', 'పీట', 'పూట' నాలుగూ 'పట' అయి కూర్చుంటాయి.

ఇంకో పద్ధతి కూడా బాగా వాడుకలో ఉంది. ఫ్రెంచి, స్పానిష్ పేర్లలో అక్షరాల నెత్తిన ఉండే గీతలు, చుక్కలు తీసేసి మామూలు ఇంగ్లీషు అక్షరంగా మార్చడానికి పుట్టింది అది. అక్షరాన్నీ దాని మీది గుర్తునూ విడదీసి, విడిగా జాగా తీసుకోని మార్కులన్నిటినీ పారెయ్యడం దాని పని. యూరప్ భాషలకు బాగానే పనికొస్తుంది. మన దగ్గరికొచ్చేసరికి దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, ఎత్వం, ఏత్వం, ఐత్వం, ఒత్వం, ఓత్వం, ఔత్వం, పొల్లు ఇవన్నీ ఆ వర్గంలోనే పడ్డాయి. కొమ్ము, కొమ్ముదీర్ఘం, వట్రసుడి, సున్న, విసర్గ మాత్రం జాగా తీసుకునే మార్కుల్లో ఉన్నాయి. కాబట్టి ఈ పద్ధతిలో 'తెలుగు' కాస్తా 'తలుగు' అవుతుంది. ఎత్వం పోయింది, రెండు కొమ్ములూ మిగిలాయి. 'పాట', 'పేట', 'పీట' కలిసిపోతాయి, 'పూట' మాత్రం తప్పించుకుంటుంది. ఏది పోతుందో ఏది మిగులుతుందో తెలుగు చదివేవాళ్లెవరూ ఊహించలేరు.

ఇంత ఘోరం జరుగుతున్నా ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఉంది. దాచిన పేరునీ, మనం టైపు చేసిన మాటనీ రెంటినీ ఒకే రకంగా కోస్తారు. 'పాట' అని వెతికితే 'పట' అయి, దాచిన 'పట'తో సరిపోతుంది. పాట దొరికినట్టే కనిపిస్తుంది, వెంట పేటలూ పీటలూ కూడా వస్తాయి. పరీక్షించే మనిషికి తెలుగు రాకపోతే ఏదో ఒకటి వచ్చింది కదా అని సరిపెట్టుకుంటాడు. వరసలో పెట్టేటప్పుడు ఇంకా అన్యాయం. 'రమ', 'రామ', 'రేమి', 'రోమ' అన్నీ ఒకే కుప్పలో పడితే దాన్ని అకారాది క్రమం అనడానికి నోరు రాదు.

గుణింతం విరామచిహ్నం కాదు, అలంకారమూ కాదు. అది అచ్చు. అచ్చు లేకుండా పాటే లేదు; సంగీతంలో మనం సాగదీసి ఆలాపన చేసేది అచ్చునే. నా వాదనంతా దీని చుట్టూనే తిరుగుతుంది: పాట పేరులో ఏది ఉంచాలి, ఏది వదిలెయ్యాలి అన్నది భాష తెలిసినవాళ్లు చెప్పాలి. యూరప్ భాషల కోసం ఎవరో రాసిన లైను చెప్పకూడదు.

అలాగని విరామచిహ్నాలను నెత్తిన పెట్టుకోమనడం లేదు. తెలుగు పాట పేరులో కామా, ఆశ్చర్యార్థకం, ప్రశ్నార్థకం దాదాపు ఎప్పుడూ అచ్చువేసినవాళ్లు పెట్టినవే. తాళపత్రాల్లో మాటల మధ్య ఖాళీ కూడా ఉండదు. కాబట్టి తెలుగులో వెతికేటప్పుడు వాటిని పట్టించుకోకపోతే ఏ నష్టమూ లేదు. కానీ ఈ సూత్రం ప్రపంచమంతా చెల్లదు. బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్ ఆల్బమ్‌లు చూడండి: 2011లో '+', 2014లో '×', 2017లో '÷', 2021లో '='. గుర్తులు తీసేస్తే వాటికి పేరే మిగలదు. తీసేశాక ఏమీ మిగలకపోతే అసలు పేరుతోనే వెతకాలి అన్న చిన్న నియమం ఒకటి పెట్టుకుంటే సరిపోతుంది, అయినా చాలాచోట్ల అది కనపడదు.

పేరు మొత్తం గుర్తులే అయిపోవడం మన పాటలకూ జరిగింది, ఇంకో దారిలో. తెలుగు ఎరగని ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతిలో, సేవ్ చేస్తే ఒక్కో గుర్తుకీ ఒక్కో ప్రశ్నార్థకం వచ్చి చేరుతుంది. పిన్ని శిష్యుడొకడు తెచ్చిన పెన్‌డ్రైవులో 'ఎందరో మహానుభావులు' ఇలా ఉంది: '????? ???????????'. ముందు ఐదు, ఖాళీ, తర్వాత పదకొండు. లెక్కపెట్టి చూస్తే పాట పోల్చుకోవచ్చు, కానీ ఆ పని సెర్చ్ చెయ్యలేదు. చిహ్నాలు తీసేసే సెర్చ్‌కైతే ఆ ఫైలు లేనట్టే లెక్క. ఇంకా పాత ఎంపీత్రీల సంగతి వేరు. ఫైలు లోపలే పాట వివరాలు దాచే పద్ధతి ఐడీత్రీ. 1996 నాటి దాని మొదటి ట్యాగులో పాట పేరుకు 30 బైట్లే జాగా. యూనికోడ్ గుర్తుల్ని ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తింటుంది. అదే కీర్తనను అందులో ఇరికిస్తే 'ఎందరో మహాన' దగ్గర 28 బైట్లు అయిపోతాయి. 'ను'లో కొమ్ముకు మూడు కావాలి, రెండే మిగిలాయి, అక్కడ ఆ గుర్తు సగంలో తెగి చెత్తగా కనిపిస్తుంది.

కంటికి ఒకేలా ఉండి కంప్యూటరుకు వేరుగా ఉండేవాటి గురించి త్వరగా చెప్పేస్తాను, ఇవి ఏ భాషలోనైనా ఉన్నవే. నిటారు అపాస్ట్రఫీ, వంపు అపాస్ట్రఫీ వేరు. హైఫన్, పొడుగు డ్యాష్ వేరు. మూడు చుక్కలు వరసగా టైపు చేయడం, మూడు చుక్కలూ కలిసిన ఒకే గుర్తు పెట్టడం వేరు. రకరకాలుగా రాసిన గుర్తుల్ని ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ నార్మలైజేషన్‌లో కంపాటిబిలిటీ రకం వాడితే చుక్కల సంగతి సర్దుకుంటుంది, వంపు అపాస్ట్రఫీ మాత్రం అలాగే ఉంటుంది, దాన్ని విడిగా చూసుకోవాలి. విండోస్‌లో ఫైలు పేరుకు ప్రశ్నార్థకం, కోలన్, ముందుకు వాలిన గీత పనికిరావు కాబట్టి ఏసీ/డీసీ అనే రాక్ బృందం పేరు లాంటిది ఫైలుగా మారేటప్పుడు ఏదో ఒకటి అయి తీరుతుంది. అందుకే ఫైలు పేరును పాట పేరుగా ఎప్పుడూ నమ్మకూడదు.

తెలుగుకు ప్రత్యేకంగా తలనొప్పి తెచ్చేది జీరో విడ్త్ నాన్‌జాయినర్. కంటికి కనపడదు. పొల్లు పక్కన పెడితే తర్వాతి హల్లు వత్తుగా మారకుండా ఆపుతుంది. 'లవ్‌స్టోరీ' అని కొత్త సినిమా పాటల్లో వచ్చే మాట ఒకటి తీసుకోండి. కొందరు ఆ గుర్తు పెట్టి రాస్తారు, కొందరు పెట్టక 'లవ్స్టోరీ' అని వదిలేస్తారు, ఫోన్‌లో టైపు చేసేవాళ్లు మధ్యలో ఖాళీ కొట్టి 'లవ్ స్టోరీ' అంటారు. పాట ఒకటే, కంప్యూటరుకు మాత్రం మూడు పేర్లు. వెతకడానికి ఆ గుర్తునూ ఖాళీనీ తీసేస్తే మూడూ కలుస్తాయి, మంచిదే. కానీ తెరమీద చూపించే పేరులోంచి తీసేస్తే 'వ్' కింద వత్తు వేలాడుతుంది, చదివేవాళ్లకు ఇబ్బంది. ఒకే గుర్తును ఒకచోట తీసెయ్యాలి, ఇంకోచోట ఉంచాలి. చూపించడం, వెతకడం, వరసలో పెట్టడం, ఒక్క పేరుతోనే ఈ మూడు పనులూ కానిచ్చేద్దాం అనుకునేవాళ్లు ఇక్కడే ఓడిపోతారు.

అన్నమయ్య కీర్తనల దగ్గర ఇది ఇంకా ముదురుతుంది. పుస్తకంలో 'నానాఁటి బదుకు నాటకము' అని అరసున్నతో ఉంటుంది. పాడేవాళ్ల నోట 'నానాటి బతుకు', 'నానాటి బ్రతుకు' కూడా వినపడతాయి, క్యాసెట్ల మీద అలాగే అచ్చవుతాయి. 'అదివో అల్లదివో' అని ఒకరు, 'అదివో యల్లదివో' అని ఒకరు. త్యాగరాజు 'ఎందరో' పాత పుస్తకాల్లో బండి ఱతో 'ఎందఱో'. వీటిలో అరసున్న తీసెయ్యడం, ఱను రగా చూడడం వెతకడం వరకు తేలిక. బదుకును బతుకుతో కలపడం మాత్రం ఏ సాధారణ నియమంతోనూ కాదు, కాకూడదు కూడా. దను తగా చూడమంటే 'దారి' వెళ్లి 'తారి'లో కలుస్తుంది. అలాంటివాటికి మనిషి కూర్చుని ఈ కీర్తనకు ఇంకో పేరు ఇది అని చేత్తో రాయాలి. మా కేటలాగులో అలాగే రాస్తున్నాను. పిన్ని పుస్తకం ముందు పెట్టుకుని, "అరసున్న తియ్యకు నాన్నా, ముందుతరం వాళ్లు పెట్టింది ఊరికే పెట్టలేదు" అంటుంది. తియ్యడం లేదు. చూపించే పేరులో అరసున్న ఉంది, వెతకడానికి విడిగా పెట్టుకున్న పేరులో లేదు.

ఇక తమిళ లిపి. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. తెలుగు, సంస్కృత కీర్తనలు తమిళంలో అచ్చువేసేటప్పుడు అక్షరం పక్కన పైన చిన్న అంకె వేస్తారు: ఖకు 2, గకు 3, ఘకు 4. త, ప వర్గాలకూ అంతే. ఆ పద్ధతిని తెలుగు అక్షరాల్లో చూపిస్తే 'ఎన్త³రో మహానుపా⁴వులు' అని వస్తుంది. అంకె చూసి పాడేవాళ్లు 'ద' అనాలి, 'భా' అనాలి అని తెలుసుకుంటారు. మైలాపూర్ నుంచి వచ్చే ఒక శిష్యురాలి దగ్గర అంకెలు లేని జిరాక్సు కాగితం ఉంది. ఆ అమ్మాయి పాఠం జరుగుతుండగానే పిన్ని నోటినుంచి వినపడిన ప్రతి 'గ' మీదా, 'ద' మీదా పెన్సిలుతో 3 వేసుకుంటూ పోతుంది. 'భ' వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి 4 వేస్తుంది. ఆ చిన్న అంకెలు లేకపోతే ఉచ్చారణ లేదు.

ఈ అంకెలను కంప్యూటరు ఏం చేస్తుందో చూడండి. ఇందాకటి పైథాన్ లైను తమిళ గుణింతాలనూ పొల్లునూ తుడిచేస్తుంది, ఈ చిన్న అంకెల్ని మాత్రం అంకెలే కదా అని భద్రంగా ఉంచుతుంది. వెతకడానికి అంకెలు అడ్డు, ఫోన్‌లో ఎవరూ వాటిని టైపు చెయ్యరు. గుణింతాలు ప్రాణం. తీయవలసింది ఉంచి, ఉంచవలసింది తీసింది. కంపాటిబిలిటీ నార్మలైజేషన్ ఇంకో రకంగా పాడుచేస్తుంది: పైనున్న చిన్న 3ను మామూలు 3గా మార్చి మాట మధ్యలో కూర్చోబెడుతుంది. దాన్నే తెరమీద చూపిస్తే 'ఎన్త3రో' అని ఉంటుంది, చదివేవాడు ఏమనుకోవాలి?

ఇంగ్లీషు అక్షరాల్లో రాసినప్పుడు చెన్నైలో ప్రతి 'త' పక్కనా ఒక హెచ్ చేరుతుంది, తెలుగు రాష్ట్రాల్లో అంతగా చేరదు. ఇది చిహ్నాల సంగతి కాదు గనక వదిలేస్తున్నాను. కానీ ఒకటి చెప్పాలి. ఇంగ్లీషులో 'ఎ', 'యాన్', 'ది' అనే మాటలతో పేరు మొదలైతే వాటిని వదిలేసి తర్వాతి మాటతో వరసలో పెట్టడం పాత లైబ్రరీ ఆచారం. ఆ ఆచారాన్ని యంత్రానికి అప్పజెబితే దాశరథి గారి 'ఆ చల్లని సముద్ర గర్భం' ఇంగ్లీషు అక్షరాల్లో ఒంటి 'ఎ'తో మొదలైనప్పుడు ఆ 'ఆ'ను ఊడగొట్టి 'చ' దగ్గర పెడుతుంది. లైబ్రరీవాళ్లు ఇంత గుడ్డిగా చెయ్యలేదు. లైబ్రరీలు వాడే మార్క్ (MARC) అనే కేటలాగు పద్ధతిలో పేరు పక్కన ఒక అంకె ఉంటుంది: వరసలో పెట్టేటప్పుడు మొదటి ఎన్ని గుర్తులు వదలాలో కేటలాగు రాసే మనిషి ఆ పుస్తకాన్ని చూసి అక్కడ వేస్తాడు, సున్నా నుంచి తొమ్మిది దాకా. నిర్ణయం మనిషిది, పాటించడం యంత్రానిది. ఐడీత్రీలో కూడా 2000లో వచ్చిన 2.4 కూర్పు నుంచి పాట పేరుకు ఒక గడి, వరసలో పెట్టే పేరుకు వేరే గడి ఉన్నాయి. రెండో గడిని నింపేవాళ్లే కరువు.

వరసలో ఖాళీ ఒక్కటే ఎంత తేడా తెస్తుందో త్యాగరాజు, దీక్షితుల కీర్తనల్లోనే చూడొచ్చు. 'రామ నన్ను బ్రోవరా', 'రామ నీ సమానమెవరు', 'రామచంద్రం భావయామి'. ఖాళీకి విలువిస్తే ముందు 'రామ' అనే విడిమాటతో మొదలయ్యేవన్నీ వచ్చి, తర్వాత 'రామచంద్రం' వస్తుంది. ఖాళీని పట్టించుకోకపోతే 'చ' ముందు కాబట్టి 'రామచంద్రం' అన్నిటికంటే పైకి పోతుంది. రెండూ ఒప్పే. యూనికోడ్ క్రమనియమాల్లో రెండింటికీ వీలుంది. ఖాళీలను, విరామచిహ్నాలను లెక్కలోకి తీసుకోవాలా, చివరి స్థాయికి నెట్టాలా అని మనమే చెప్పొచ్చు. ఏదీ చెప్పకుండా ఉత్త కోడ్ నంబర్ల ప్రకారం వదిలేస్తేనే చెడుతుంది. ఒక పుస్తకంలో 'రామ! నీ సమానమెవరు' అని ఆశ్చర్యార్థకం ఉంటే, ఖాళీ తర్వాతి నంబరు ఆశ్చర్యార్థకానిది గనక ఆ కీర్తన తన తోటి 'రామ'ల గుంపులోంచి విడిపోయి వాటన్నిటి కిందా పడుతుంది. అదే కీర్తన రెండు రికార్డింగులు రెండు చోట్ల. కేటలాగు పెట్టుకున్నదే అవి ఒకచోట కనపడాలని.

"ఇప్పుడు సెర్చ్ తెలివిమీరింది, ఎలా కొట్టినా అదే పోల్చుకుంటుంది, ఇంత చాదస్తం ఎందుకు?" అని నన్ను చాలామంది అడిగారు. ఆ తెలివి వేలమంది వెతికిన పాటల మీద నిలబడింది. డిసెంబరు కచేరీల సీజన్‌లో సభలో కూర్చుని, పాడుతున్న కీర్తన పల్లవిని ఫోన్‌లో కొట్టి సాహిత్యం వెతకడం ఇక్కడ రసికులకు అలవాటు. బాగా తెలిసిన కీర్తన అయితే పల్లవి ముగిసేలోపే దొరుకుతుంది. అరుదైనది అయితే దానికి దగ్గరగా వినపడే ప్రసిద్ధమైన పాటను తెచ్చి ముందు పెడుతుంది. అరుదైన కీర్తనకే కదా వెతుకులాట కావలసింది. పైగా ఇంట్లో ఉన్న సేకరణకు, చిన్న సభ దగ్గరున్న రికార్డింగులకు వేలమంది వెతికిన చరిత్ర ఉండదు. అక్కడ నియమాలు సరిగా రాసుకోవడం ఒక్కటే దారి.

మా కేటలాగులో ప్రతి పాటకూ మూడు గడులు పెట్టాను. మొదటిది పుస్తకంలోనో లేబుల్ మీదో ఉన్నది ఉన్నట్టు: అరసున్న, బండి ఱ, తమిళ అంకెలు, కామాలతో సహా. దీన్ని ఏ ప్రోగ్రామూ ముట్టుకోదు. రెండోది వెతకడానికి. అందులో విరామచిహ్నాలు, ఖాళీలు, కనపడని గుర్తులు, అరసున్న, చిన్న అంకెలు ఉండవు, ఱ ర అవుతుంది, గుణింతాలు చెక్కుచెదరవు. ఏవేవి తీసెయ్యాలో ఒక్కొక్కటిగా పేరు పెట్టి రాశాను, 'మిగతావన్నీ తీసెయ్' అనే మాట అందులో ఎక్కడా లేదు. మూడోది వరసకు. దీని మీదే ఇంట్లో వాదనలు ఇంకా నడుస్తున్నాయి. యూనికోడ్ నంబర్లలో సున్న 'అ' కంటే ముందుంది, ళ లకూ వకూ మధ్య ఉంది. బడిలో నేర్చుకున్న వరసలో సున్న అచ్చుల చివర, ళ హ తర్వాత. 'క్షీరసాగర శయన' క దగ్గర ఉండాలా, వర్ణమాల చివర 'క్ష' దగ్గర ఉండాలా? పిన్ని క దగ్గరే అంటుంది, ఆవిడ శిష్యుల్లో తెలుగు కొత్తగా నేర్చుకున్న పిల్లలు చివరికి వెళ్లి వెతుకుతున్నారు. నేను పిన్ని పక్షం.

మీరు పాటల యాప్ చేస్తుంటే, పెద్దదైనా చిన్నదైనా, విడుదల చేసేలోపు నాలుగు మాటలు కొట్టి చూడండి. 'పాట' కొడితే 'పేట' రాకూడదు. 'ఎందరో' కొడితే 'ఎందఱో' రావాలి. కనపడని గుర్తు ఉన్న 'లవ్‌స్టోరీ', లేనిది, ఖాళీ ఉన్నది మూడూ ఒకే పాట దగ్గరికి చేరాలి. 'నానాటి' కొట్టినప్పుడు దొరికిన కీర్తన పేరు తెరమీద అరసున్నతోనే కనపడాలి. వీటిలో మొదటిది తప్పితే మిగతావి చూడనక్కర్లేదు. వెనక్కి వెళ్లి ఆ ఒక్క లైను ఎక్కడుందో పట్టుకోండి.